మబ్బును చదవడం కూడా చదువే

సూరా నూర్ 43వ ఆయతును ఒక్క తప్పు లేకుండా చదివే పిల్లవాణ్ణి మక్తబ్ నుంచి ఆరుబయటికి తీసుకువెళ్ళి, "బాబూ, ఇప్పుడు గాలి ఎటు నుంచి వీస్తోంది?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు మన ముఖంలోకి చూస్తారే తప్ప ఆకాశంలోకి చూడరు. ఆ ఆయతులో అల్లాహ్ మేఘాలను మెల్లగా నడిపించడం గురించి, వాటి తునకలను ఒకచోట కలపడం గురించి, ఆ తర్వాత దొంతరలుగా పేర్చడం గురించి, వాటి నడుమ నుంచి చినుకులు రాలడం గురించి, వడగండ్ల గురించి, కళ్ళు చెదిరే మెరుపు గురించి వరుసగా తెలియజేశాడు. ఇవన్నీ చెప్పే ముందు, నువ్వు చూడలేదా అని అడిగాడు. మనం పిల్లల చేత ఆయతును కంఠస్థం చేయిస్తున్నాం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా మాత్రం వారిని తయారు చేయడం లేదు.

అయిదేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలకు వాతావరణం గురించి ఆరుబయట, వారి చేతులతో చేయించి, వారి కళ్ళతో చూపించి నేర్పాలన్నది మా అభిప్రాయం. ఇది దీనీ తాలీముకు అడ్డం రాదు. పైగా ఆ తాలీము పిల్లల గుండెల్లో నాటుకోవడానికి తోడ్పడుతుంది. తడ వంటి తీరప్రాంతంలో నివసించే కుటుంబాలకు ఇది మరింత అవసరం. ఎందుకో వివరిస్తాం.

దీపం కింద చీకటి

తడ మన రాష్ట్రానికి దక్షిణపు గడప. 2022 దాకా నెల్లూరు జిల్లాలో వుండి, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. ఒక పక్క పులికాట్ సరస్సు, దాని ఆవల శ్రీహరికోట దీవి, ఆ పైన బంగాళాఖాతం. మరో పక్క ఉబ్బలమడుగు కొండలు. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. వేసవిలో ఈ సరస్సులో చాలా భాగం ఎండిపోయి నేల బయటపడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక మళ్ళీ నిండుతుంది. నీరు నిండాక ఫ్లెమింగోలు దిగుతాయి. ఎండ, గాలి, వాన కలిసి ఏమి చేయగలవో నేర్పడానికి ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో విశేషమూ వుంది. 2002 సెప్టెంబర్ 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్ ఒక ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది. కేవలం వాతావరణ పరిశీలన కోసమే మన దేశం తయారు చేసుకున్న మొదటి ఉపగ్రహం అది. మరుసటి ఏడాది, అంతరిక్ష నౌక ప్రమాదంలో మరణించిన కల్పనా చావ్లా జ్ఞాపకార్థం దానికి 'కల్పన-1' అని పేరు పెట్టారు. 2016 సెప్టెంబర్ 8న ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డీఎస్ ఇదే తీరం నుంచి ఎగిరాయి. బంగాళాఖాతంలో ఎక్కడ మబ్బు గూడు కట్టినా ఆ ఉపగ్రహాలు ఫొటో తీసి పంపుతాయి. తడ, సూళ్ళూరుపేట పిల్లలు మిద్దెలెక్కి ఆ రాకెట్ల పొగను చూసి కేరింతలు కొట్టారు. ఆ రాకెట్టు ఏ పని మీద వెళ్ళిందో, తమ నెత్తి మీది మబ్బుకూ దానికీ సంబంధమేమిటో ఎంతమందికి తెలుసు? దీపం కిందే చీకటి అంటే ఇదే కాదా?

ఆకాశాన్ని గమనించిన ప్రవక్త

వాతావరణాన్ని గమనించడం మనకు కొత్త విద్య కాదు. సూరా బఖరా 164వ ఆయతులో, గాలులు దిశ మారడంలో, భూమ్యాకాశాల మధ్య కట్టుబడి వున్న మేఘాలలో బుద్ధిని ఉపయోగించేవారికి సూచనలున్నాయని అల్లాహ్ తెలియజేశాడు. సూచన అంటే చూసి అర్థం చేసుకోవలసినది. చూడకుండా దాటిపోయేవారికి అది సూచన ఎలా అవుతుంది? ఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు ఉరుము పేరే వుంది. మరో సూరా ధూళిని ఎగరవేసే గాలుల మీద ప్రమాణంతో మొదలవుతుంది.

ఇక దైవప్రవక్త (స) జీవితం చూడండి. ఆకాశంలో మబ్బు కమ్మినా, గాలి లేచినా ఆయన ముఖకవళికలు మారిపోయేవని, లోపలికీ బయటికీ తిరుగుతూ వుండేవారని, వాన కురిసిన తర్వాతే మనసు కుదుటపడేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆద్ జాతి తమ మీదికి వస్తున్న మేఘాన్ని చూసి వాన మబ్బు అనుకుని సంతోషించిందని, తీరా అది వారి వినాశనమై వచ్చిందని ఆయనకు ఆ క్షణంలో గుర్తుకువచ్చేది. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో వుంది. అదే ప్రవక్త (స) వాన చినుకులు పడుతుండగా తన దేహం మీది వస్త్రాన్ని కొంత తొలగించి వాటిని తాకనిచ్చారని, ఈ వాన ఇప్పుడే తన ప్రభువు వద్ద నుంచి వచ్చిందని కారణం చెప్పారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఇది ముస్లిం గ్రంథంలో వుంది. చినుకును చర్మంతో తాకి తెలుసుకోవడం సున్నత్‌లో వున్న విషయమని దీన్నిబట్టి మనం గ్రహించాలి. చినుకు పడగానే పిల్లల్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసే తల్లిదండ్రులు ఈ హదీసును ఒకసారి గుర్తుచేసుకోవాలి. పిడుగులు లేని చల్లని జల్లులో అయిదు నిమిషాలు నిలబడితే పిల్లవాడికి నష్టమేమీ లేదు. తర్వాత తల తుడిస్తే సరిపోతుంది.

గైబ్ మాటేమిటి?

ఇక్కడ కొందరు పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. వాన ఎప్పుడు కురుస్తుందో అల్లాహ్‌కే తెలుసునని సూరా లుఖ్మాన్ చివరి ఆయతులో వుంది కదా, మరి రేపు వాన పడుతుందని చెప్పడం గైబ్‌లో వేలు పెట్టడం కాదా అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టివేయకూడదు. ఇది ఈమాన్ మీద ప్రేమతో పుట్టిన ప్రశ్న.

వైద్యుడు నాడి పట్టి, జ్వరం మరో రెండు రోజులు వుండవచ్చునంటే అతను గైబ్ చెప్పినట్టా? కనిపించే లక్షణాలను బట్టి అంచనా కట్టాడు, అంతే. గాలి దిశ, గాలిలో తేమ, మబ్బుల కదలిక కూడా అటువంటి లక్షణాలే. ఇవన్నీ అల్లాహ్ ఏర్పరచిన కారణాలు, మన ఉర్దూలో చెప్పాలంటే అస్బాబ్. మబ్బు పుట్టాకే, గాలి మళ్ళాకే వాతావరణ శాఖ వారు మాట్లాడతారు. అప్పుడు కూడా "కురిసే అవకాశం వుంది" అంటారు. చాలాసార్లు అంచనా తప్పుతుంది. అంచనా తప్పిన రోజు పిల్లవాడికి గైబ్ అంటే ఏమిటో ఏ ఉపన్యాసమూ చెప్పనంత బాగా అర్థమవుతుంది. "రేపు పడవచ్చు, ఇన్‌షాఅల్లాహ్" అనడం వాడికి అలవాటవుతుంది.

కార్తెల విషయంలోనూ ఇదే వివేకం కావాలి. రోహిణిలో రోళ్ళు పగులుతాయని, చిత్త, స్వాతి కార్తెల్లో వానలు పడతాయని మన రైతులు లెక్క వేస్తారు. మన ముస్లిం రైతులు కూడా అదే లెక్క వేస్తారు. హిజ్రీ సంవత్సరం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి రంజాన్‌ను బట్టి విత్తనం వేయడం కుదరదు. రంజాన్ అన్న మాటలో మండే ఎండ అనే అర్థం వున్నా ఆ మాసం సుమారు 33 ఏళ్ళలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. అందువల్ల కార్తెను కాలం లెక్కగా వాడుకోవడంలో దోషం లేదు. కానీ వానను నక్షత్రమే కురిపిస్తుందని నమ్మరాదు. హుదైబియాలో రాత్రి వాన కురిసిన మర్నాడు, ఇది అల్లాహ్ దయ అన్నవారికీ, ఫలానా నక్షత్రం వల్ల కురిసిందన్నవారికీ మధ్య తేడాను ప్రవక్త (స) సహాబాలకు విడమరచి చెప్పారు. పిల్లలకు కార్తెల పేర్లు నేర్పుతూనే ఈ సంగతి కూడా చెబితే తాతల లెక్కా మిగులుతుంది, తౌహీదూ మిగులుతుంది.

ఏమి చేయించాలి?

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. వారానికి ఒక రోజు, అసర్ నమాజు తర్వాత అరగంట చాలు. మా పిల్లల చేత మేము చేయించే పనుల్లో కొన్ని ఇక్కడ చెబుతున్నాం.

మొదటిది గాలి. వెదురు కర్ర చివర పాత దుపట్టా పేలిక కట్టి మైదానంలో పాతండి. మన పిల్లలకు ఒక సౌకర్యం వుంది. నాలుగు దిక్కులు తెలియకపోయినా ఖిబ్లా ఎటో తెలుసు. తడలో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరం వైపు వుంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి మిగతా దిక్కులు చెప్పించవచ్చు. పేలిక ఎటు ఎగిరితే గాలి అటు పోతున్నట్టు. ఎటు నుంచి వచ్చిందో ఆ దిక్కు పేరే గాలికి పెడతాం. ఎండాకాలం ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే పేలిక దిశ మారడం పిల్లలే కనిపెడతారు. అప్పుడు రెండు పళ్ళేలు తెచ్చి ఒకదానిలో ఇసుక, ఒకదానిలో నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. గంట తర్వాత తాకి చూడమనండి. ఇసుక చురుక్కుమంటుంది, నీళ్ళు చల్లగానే వుంటాయి. నేల తొందరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి పోతే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుందని అప్పుడు చెబితే ఆరేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని రానివ్వని రోజున మే నెలలో ఎందుకు ఉడికిపోతామో కూడా తెలిసివస్తుంది. గాలిని తిట్టరాదని, దాని మేలు కోరాలని, కీడు నుంచి శరణు వేడాలని హదీసు వుంది. ఆ దుఆ నేర్పడానికి ఈ కర్ర దగ్గరికంటే మంచి చోటు లేదు.

రెండోది నీడ. ఒక నిటారు కర్ర నాటి దాని నీడను కొలిపించండి. అసర్ వేళను మన ఫిఖహ్ పుస్తకాలు నీడ పొడవుతోనే నిర్ణయిస్తాయి. మస్జిద్‌లో గడియారం చూసి అజాన్ ఇస్తున్నాం కాబట్టి ఆ సంగతి మరిచిపోయాం. నెలకొకసారి మిట్టమధ్యాహ్నపు నీడను సుద్దతో గీస్తే, అది చలికాలంలో ఉత్తరం వైపు పొడుగ్గా సాగి, ఎండాకాలానికి కుంచించుకుపోవడం కనిపిస్తుంది. తడలో ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మధ్యాహ్నం 12 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు కర్ర నీడ మాయమవుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వుంటాడు. ఆ రోజున పిల్లల ముఖాలు చూడాలి!

మూడోది వాన. నిలువు అంచులున్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ మెడను గరాటులా బోర్లించి అదే సీసాలో పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా వుంటే చిన్న గులకరాళ్ళు వేసి, కొద్దిగా నీళ్ళు పోసి, ఆ మట్టాన్ని సున్నాగా గుర్తు పెట్టండి. పక్కన స్కేలు అతికించండి. చెట్ల కిందా, చూరు కిందా కాకుండా ఆరుబయట పెట్టండి. వాతావరణ శాఖ వారు రోజూ ఉదయం 8.30కి వాన కొలుస్తారు. మన పిల్లలూ అదే వేళకు కొలిచి రాసుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్ళు. 600 చదరపు అడుగుల మస్జిద్ మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 2,800 లీటర్లు, అంటే 14 పెద్ద డ్రమ్ములు. ఈ లెక్క పిల్లవాడు తానే వేస్తే, వుజూ కుళాయిని వృథాగా వదలడం ఎంత తప్పో వాడికి మనం చెప్పనక్కర్లేదు.

నాలుగోది నీటి ప్రయాణం. వుజూ ఖానా గచ్చు మీద నిలిచిన నీటి మడుగు చుట్టూ సుద్దతో గీత గీయించండి. అరగంటకోసారి మళ్ళీ గీయించండి. మడుగు చిన్నదవుతూ పోతుంది. తర్వాత పులికాట్ నీళ్ళు ఒక పళ్ళెంలో పోసి ఎండలో పెట్టండి. నీళ్ళు పోయి తెల్లటి ఉప్పు మిగులుతుంది. ఏడేళ్ళ పాప ఒకతె ఆ ఉప్పును వేలితో తాకి నాలుకకు రాసుకుని, "హజ్రత్, మరి వాన ఎందుకు ఉప్పగా లేదు?" అని అడిగింది. సమాధానం ఆమె ముందున్న పళ్ళెంలోనే వుంది. మీరు తాగే నీటిని మేఘం నుంచి దించింది మీరా, మేమా అని అడిగి, తాము తలచుకుంటే దాన్ని చేదుగా చేయగలమని సూరా వాఖిఆలో అల్లాహ్ హెచ్చరించిన భావం ఆ రోజు ఆ పిల్లలకు పులికాట్ ఉప్పుతో సహా అందింది.

అయిదోది మబ్బులు. ఒక నోటు పుస్తకంలో రోజూ ఆకాశం బొమ్మ గీయించండి. దూది పింజల్లాంటివి, దుప్పటిలా పరుచుకున్నవి, గోపురంలా పైకి లేచినవి అని వారే రకాలు పడతారు. వాటిలో ఏది కనిపించిన తర్వాత వాన పడిందో నెల తిరిగేసరికి వారే చెబుతారు. తడ సరిహద్దు ఊరు కాబట్టి మరో సరదా కూడా వుంది. వానను తెలుగులో వాన అని, ఇంట్లో బారిష్ అని, పక్క వీధి తమిళ మిత్రుడితో మళై అని, ఖుర్‌ఆన్‌లో గైస్ అని, మతర్ అని పిల్లలు నాలుగు భాషల్లో చెప్పగలరు. మేలు చేసే వానకు ఖుర్‌ఆన్ గైస్ అన్న పదాన్ని వాడుతుందని, శిక్షగా కురిసిన చోట ఎక్కువగా మతర్ అన్న పదం వస్తుందని పండితులు గమనించారు. ఒకే ఆకాశం నుంచి రెండూ వస్తాయని ఆ రెండు పదాలే నేర్పుతాయి.

ఒక్క పని మాత్రం ఆరుబయట చేయించరాదు. ఉరుము వినిపించిన వెంటనే పిల్లలందరూ పక్కా కట్టడంలోకి రావాలి. చెట్టు కింద నిలబడరాదు. లోపలి నుంచి మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టమనండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటికి పోరాదు. ఈ నియమం పొలాల్లో పనిచేసే వారి పిల్లలకు తప్పనిసరిగా రావాలి. ఎందుకంటే ఇంటికి వెళ్ళి అబ్బాకు చెప్పేది వారే.

తీరం పిల్లలకు ఇది ప్రాణావసరం

ఇదంతా ఆటపాటల వ్యవహారం అనుకునేవారికి మన తీరం చరిత్ర గుర్తుచేయాలి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెన వేలాది ప్రాణాలు తీసింది. 1984 నవంబర్‌లో శ్రీహరికోట సమీపంలో తీరం దాటిన తీవ్ర తుఫాను వందలాది ప్రాణాలు తీసింది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. ఆ రోజుల్లోనే కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోగా చెన్నై నుంచి నెల్లూరు దాకా కుండపోతగా కురిసింది. స్వర్ణముఖి, కాళంగి వంటి ఏరులు ఎండాకాలంలో ఇసుక దారులు. నవంబర్, డిసెంబర్లలో అవే మనుషుల్ని మింగుతాయి. ఉబ్బలమడుగు జలపాతం దగ్గర తల మీద ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన పడితే నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయి. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు బండ మీద కూర్చోడు.

పత్రికలో వచ్చే మాటలు కూడా పిల్లలకు తెలియాలి. అల్పపీడనం బలపడి గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుఫాను. 89 దాటితే తీవ్ర తుఫాను. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటిన వాన భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ. 204.5 నుంచి అత్యంత భారీ. తన సీసాలో 70 మిల్లీమీటర్లు కొలిచిన పిల్లవాడికి 200 అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలకు మూడు రంగుల జెండాలు చేసి, నారింజ జెండా ఎత్తితే ఎవరు ఏమి సర్దాలో, ఎరుపు ఎత్తితే ఎక్కడికి పోవాలో ఆటలా ఆడించండి. ఖుర్‌ఆన్ ప్రతిని, రేషన్ కార్డును, నానీ మందులను ప్లాస్టిక్ సంచిలో కట్టే పని పిల్లలకే అప్పగించండి.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిన రోజున థాయ్‌లాండ్‌లోని ఒక సముద్ర తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ బ్రిటిష్ బాలిక తల్లిదండ్రులతో వుంది. అలలు వింతగా నురగలు కక్కుతూ వెనక్కి పోకుండా ముందుకే వస్తుండటం గమనించింది. రెండు వారాల క్రితమే బడిలో నేర్చుకున్న పాఠం గుర్తుకువచ్చి కేకలు పెట్టింది. పెద్దలు ఆమె మాట విన్నారు. సుమారు 100 మంది బతికారు. అదే ఉదయం మన నెల్లూరు తీరాన్ని కూడా ఆ అలలు తాకాయి. చిన్నపిల్ల చదివిన ఒక్క పాఠం అంతమందిని కాపాడగలిగితే, ఆ పాఠం చెప్పిన గురువుకు ఎంత పుణ్యమో ఆలోచించండి.

తవక్కుల్ పేరుతో హెచ్చరికలను లెక్కచేయనివారు మనలో లేకపోలేదు. ఒంటెను కట్టివేయకుండా అల్లాహ్‌ను నమ్ముకోవాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దాన్ని కట్టి ఆ తర్వాత నమ్మకం వుంచమని ప్రవక్త (స) సలహా ఇచ్చినట్టు తిర్మిజీలో వుంది. ఒక జుమా రోజున వాన కురిసి బురద అయినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్‌తో, నమాజుకు రండి అని పిలిచే బదులు ఇళ్ళల్లోనే నమాజు చేసుకోండి అని ప్రకటించమన్నారు. జనం విస్తుపోతే, తనకంటే గొప్పవారు ఇలా చేశారని, మిమ్మల్ని బురదలో నడిపించడం ఇష్టం లేకపోయిందని జవాబిచ్చారు. జుమా అంతటి విధి విషయంలోనే షరీఅత్ ఆకాశాన్ని చూసి మినహాయింపు ఇచ్చింది. ఎరుపు హెచ్చరిక వున్న రోజున వాగు దాటే సాహసాన్ని మన ధర్మం మెచ్చుకుంటుందా?

తల్లిదండ్రులతో ఒక మాట

"పిల్లల్ని సిపారా చదవడానికి పంపాం, ఎండలో తిప్పడానికి కాదు" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. వారి ఆందోళనను మేము గౌరవిస్తాం. ఈ అరగంట సబఖ్ సమయాన్ని కోసి తీసుకునేది కాదు. ఎండ తగ్గాకే బయటికి వెళతాం. తల మీద టోపీ వుంటుంది, తాగడానికి నీళ్ళు వుంటాయి. ఆడపిల్లల్ని ఇందులో నుంచి తప్పించడం అన్యాయం. నిజానికి ఇంట్లో మొదటి వాతావరణ పరిశీలకురాలు అమ్మీయే. వడియాలు ఎప్పుడు పెట్టాలో, మిరపకాయలు ఎప్పుడు ఎత్తాలో, బట్టలు ఎప్పుడు తీయాలో ఆమె ఆకాశాన్ని చూసి చెబుతుంది. ఆ విద్యకే కొలత నేర్పుతున్నాం.

ఇది మనది కాని విద్య అని కూడా ఎవరూ అనుకోవద్దు. మన రైతు నోట నిత్యం నలిగే ఖరీఫ్, రబీ అన్నవి అరబీ మాటలు. ఇంగ్లీషువారి మాన్‌సూన్ కూడా అరబ్బు నావికుల మౌసిమ్ నుంచి పుట్టిందే. ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి సుమారు 700 ఏళ్ళ క్రితం కమాలుద్దీన్ ఫారిసీ ఒక గాజు గోళంలో నీళ్ళు నింపి, దాన్నే పెద్ద వాన చినుకుగా భావించి, అందులోకి వెలుగును పంపి పరిశీలించారు. మన పిల్లలు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, నోటితో నీళ్ళు తుంపరలుగా ఊది రంగులు చూసినప్పుడు ఆ మహనీయుడి పనినే చిన్నగా చేస్తున్నట్టు. పొరుగున కేరళలో సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ పాఠశాలల్లో వాతావరణ కేంద్రాలు పెట్టి, విద్యార్థుల చేతే వివరాలు నమోదు చేయిస్తున్నారు. అమెరికాలోని కొలరాడోలో 1997లో ఒక పట్టణాన్ని హఠాత్తుగా వరద ముంచెత్తిన తర్వాత, మరుసటి ఏడాది నుంచి ఇళ్ళల్లో వాన కొలిచే స్వచ్ఛంద సేవకుల బృందం మొదలైంది. అందులో పిల్లలూ వున్నారు.

మస్జిద్ కమిటీలకు మా మనవి చాలా చిన్నది. ఒక వెదురు కర్ర, ఒక సీసా, ఒక సుద్దముక్క ఇప్పించండి. నమాజు వేళలు రాసే బోర్డు కింద ఒక వరుస ఖాళీ వుంచి, నిన్న ఎంత వాన పడిందో, ఈ రోజు గాలి ఎటు నుంచి వుందో పిల్లల చేత రాయించండి. తుఫాను రోజుల్లో ఆ వరుసలోనే హెచ్చరిక రంగు రాయించండి. నమాజుకు వచ్చే పెద్దలు దాన్ని చదువుతారు. పిల్లలు రాసినదాన్ని పెద్దలు నమ్మడం మొదలైన రోజున, ఈ ఊరికి ఒక రక్షణ దొరికినట్టే.

ఒక జుమా రోజున ప్రవక్త (స) ఖుత్బా ఇస్తుండగా ఒక పల్లెవాసి వచ్చి, పశువులు చచ్చిపోతున్నాయి, వాన కోసం దుఆ చేయమని అడిగాడు. దుఆ చేయగానే, అంతవరకు మచ్చుకైనా మబ్బు లేని ఆకాశంలో కొండ వెనుక నుంచి మేఘం లేచి వారం రోజులు ఎడతెగకుండా కురిసింది. మరుసటి జుమా రోజున, దారులు మూసుకుపోయాయి, వాన ఆగేలా ప్రార్థించమని విన్నపం వచ్చింది. వాన తమ మీద కాకుండా తమ చుట్టుపక్కల కొండల మీద, లోయల మీద, చెట్ల మీద కురవాలని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. ఎండకూ వానకూ రెండింటికీ చేతులెత్తవలసిన తీరం మనది. ఎప్పుడు ఏది అడగాలో మన పిల్లలకు తెలియాలంటే వారు ఆకాశం వైపు చూడటం నేర్చుకోవాలి. అల్లాహ్ మన తీరానికి మేలు చేసే వానలు ప్రసాదించుగాక! ఆయన సూచనలను చూసి గ్రహించే కళ్ళు మన పిల్లలకు అనుగ్రహించుగాక! ఆమీన్.